సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏముంది?

డిసెంబరు 31 రాత్రి, ఆ ఏడాది దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి సాక్ష్యంగా చెప్పే చర్చి ఆరాధనకు వస్తున్నావా అని అడగడానికి మా చెల్లెలి కొడుక్కి ఫోన్ చేశాను. వాడు హైదరాబాదులో అశోక్‌నగర్ దగ్గర ఒక హాస్టల్లో ఉంటూ నాలుగేళ్లుగా ప్రభుత్వోద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. రెండుసార్లు ప్రిలిమ్స్ గట్టెక్కాడు, ఒకసారి మెయిన్స్‌లో కొద్ది మార్కుల తేడాతో పోయింది, ఆ తర్వాత నోటిఫికేషన్ల కోసం ఎదురుచూడడమే వాడికి పనైపోయింది. నా మాట విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “సాక్ష్యాలు చెప్పే రాత్రి కదా మామయ్యా, చెప్పడానికి నా దగ్గర ఏముంది?” అన్నాడు. గొంతులో కోపం ఉంటే ఏదో ఒకటి చెప్పి సముదాయించేవాణ్ణి. కోపం లేదు. ఏడాది జమాఖర్చులు చూసుకుని, మిగిలిందేమీ లేదని తేల్చుకున్న మనిషి మాట్లాడినట్టు మాట్లాడాడు.

నేను ఒక్కణ్ణే వెళ్లాను. ప్రతి ఏడాదీ వినే సాక్ష్యాలనే ఆ రాత్రి వాడి చెవులతో విన్నాను. ఒక కుటుంబానికి దేవుడు మూడు గదుల ఫ్లాట్ ఇచ్చాడు. ఒకరి అబ్బాయికి రెండుసార్లు తిరస్కరించిన వీసా మూడోసారి వచ్చింది. ఒకామెకు ప్రమోషన్‌తోపాటు కోరుకున్న చోటికే బదిలీ అయింది. ఒక్కొక్కరు చెప్పి కూర్చోగానే అందరం “ఆమెన్” అన్నాం. నేనూ అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ వాడు గనక నా పక్కన కూర్చుని ఉంటే ఆ గంటన్నరలో తన గురించి తాను ఏం తెలుసుకుని ఉండేవాడన్న ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు.

క్రైస్తవ విశ్వాసం మనిషికి విలువనిస్తుందని నేను నమ్ముతాను. మా ఇంట్లో అది జరగడం కళ్లారా చూశాను. అయితే ఆ విలువ మనకు దొరికినవాటిలో ఉందని మా సంఘాలు ఎప్పటినుంచో చెప్పకుండానే చెబుతున్నాయి, అక్కడే నాకు పేచీ. నేను చూసినంతవరకు దేవుడు మనిషికి విలువనిచ్చే తీరు వేరు. పేరుపెట్టి పిలుస్తాడు, పిలిచి ఆ మనిషి దగ్గర ఏదో ఒకటి అడుగుతాడు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

దీవెనల లెక్క

ముందుగా నాకు నేనే ఒక అడ్డు చెప్పుకోవాలి. మా సంఘంలో ఇళ్లల్లో పనిచేసే ఒకామె కొన్నేళ్ల కిందట సాక్ష్యానికి లేచి, తమ ఇంటికి సొంత మరుగుదొడ్డి కట్టుకున్నామని చెబుతూ ఏడ్చింది. పెళ్లీడుకొచ్చిన ఇద్దరు కూతుళ్లున్న తల్లికి ఆ నాలుగు గోడలంటే ఏమిటో అక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు, చాలామంది ఆమెతోపాటు కళ్లు తుడుచుకున్నారు. తరతరాలుగా ఏదీ తమది కానివాళ్లు మొదటిసారి ఒక వస్తువును తమదని చెప్పుకుంటూ దేవునికి కృతజ్ఞత చెబితే, అది లౌకికం, అది పైపై విశ్వాసం అనడానికి నేనెవరిని? పెన్షన్ తీసుకుంటూ, సొంత ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్న మనిషిని. ఆ తల్లి కన్నీళ్లకు నా పేచీతో ఏ సంబంధమూ లేదు.

పేచీ అంతా ఆ సాక్ష్యం నుంచి విన్నవాళ్లు తీసే అర్థంతో. దేవుడు నన్ను ప్రేమించాడు కాబట్టి ఇల్లిచ్చాడు అని ఒకరు చెబితే, ఇల్లు రాని మనిషి పైకి ఆమెన్ అంటూనే లోపల మిగతా లెక్క తనే వేసుకుంటాడు. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు ఎదుట అతని స్నేహితులు ఈ లెక్కే వేశారు, చివరికి దేవుడు వాళ్లమీదనే కోపగించుకున్నాడు. ఆ గ్రంథం మన దగ్గరే ఉంది, ఏడాదికి ఒక్కసారైనా చదువుతాం. అయినా కొత్త సంవత్సరానికి దేవుడి వాగ్దానంగా బైబిలు వచనం రాసిన కార్డు తీసేటప్పుడు అందులో నిన్ను తోకగా కాదు తలగా చేస్తాను, వృద్ధి, విస్తారం అన్న మాటలున్నాయా అని వెతుక్కుంటాం. నేనూ వెతుక్కున్నవాణ్ణే.

చేతుల మీది బొబ్బలు

మాది గుండ్లకమ్మకు దగ్గరి ఊరు. అందువల్ల 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి మాకు ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. ఎవరు చెప్పినా ఆ సంఖ్యతోనే మొదలుపెట్టి ఆ సంఖ్యతోనే ముగిస్తారు. నాకు దానికి ముందు జరిగింది ఎక్కువ ముఖ్యం. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, ఇప్పుడు మనం బకింగ్‌హాం కాలువ అంటున్న దాని తవ్వకంలో కొంత భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. గట్టుమీద పని మధ్యలో, పని అయ్యాక బోధకులు చెప్పిన మాటలు విని చాలామంది బాప్తిస్మం అడిగారు. కూటి కోసం మతం మారుతున్నారన్న మాట పడుతుందని ఆ కరువు రోజుల్లో ఆయన ఎవరికీ ఇవ్వలేదు. చివరికి కరువు సాయం ముగిసింది, ఇక పంచడానికేమీ లేదు, ఇళ్లకు పొమ్మని చెప్పినప్పుడు వాళ్లిచ్చిన జవాబును ఆయనే రాసిపెట్టాడు. దాని సారాంశం ఇది: మాకు డబ్బు వద్దు, ఇప్పుడూ అడగం, ఇకముందూ అడగం, ఇన్నాళ్లూ కష్టం చేసుకునే బతికామనడానికి మా చేతుల మీది బొబ్బలే రుజువు, బతికితే అలాగే బతుకుతాం, చస్తే చస్తాం, మాకు బాప్తిస్మం ఇవ్వండి.

నా దృష్టిలో మా ప్రాంతపు క్రైస్తవంలో ఇంతకు మించిన సాక్ష్యం లేదు. వాళ్లు చూపించింది చేతులు, ఆ చేతుల్లో ఏమీ లేదు. ఎక్కువమంది మాదిగలు, వెట్టి చేసేవాళ్లు, చచ్చిన పశువును ఈడ్చేవాళ్లు, ఊరి జాతరకు డప్పు కొట్టేవాళ్లు. పౌలు కొరింథువాళ్లకు రాస్తూ లోకం నీచులనీ ఎన్నికలేనివారనీ తోసేసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడంటాడు. ఒంగోలులో తొలి రోజుల్లో పెద్దకులాలవాళ్లు, ఈ మాదిగలను చేర్చుకుంటే మేం రాబోమని చెప్పినప్పుడు, క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఆ వచనమే కనిపించిందని ఆ దంపతులు చెప్పుకున్నారు. దాన్ని అద్భుతమనుకున్నా, కాకతాళీయమనుకున్నా, వాళ్లు తీసుకున్న నిర్ణయం మాత్రం మా జాతకాలు మార్చింది.

మా పూర్వీకులకు విశ్వాసం దొరల చేతి దానమని అనుకునేవాళ్లకు ఒక మాట. ఈ ప్రాంతంలో దాన్ని పల్లె పల్లెకూ మోసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారి, 1866లో బాప్తిస్మం పొందినవాడు. అంతకుముందే గురువులను వెతుక్కుంటూ యోగసాధన చేసినవాడు. దేవుణ్ణి వెతకడం ఆయనకు ఎవరూ అరువిచ్చింది కాదు.

మా బడిలో మా మతాన్ని గోధుమరవ్వ మతం అనేవారు, అప్పట్లో మిషన్‌వాళ్లు రవ్వా పాలపొడీ పంచేవారు కాబట్టి. ఆ మాటకు జవాబు నాకు నలభై ఏళ్లు దాటాక, ఆ బొబ్బల మాట చదివాక గానీ దొరకలేదు. కానీ ఇప్పుడు మా సాక్ష్యాలు వింటుంటే, ఆనాడు వాళ్లు అంత గట్టిగా కాదన్న మాటనే మేం మైకులో ఒప్పుకుంటున్నట్టుంది. దేవుడి దగ్గరికి ఎందుకొచ్చావంటే, ఇదిగో ఇవిచ్చాడు కాబట్టి అంటున్నాం.

ఆమె పాత పేరు రాయను

మా నాయనమ్మ పుట్టింటివాళ్లకు క్రైస్తవం తెలియదు. పెళ్లయి మా పల్లెకు వచ్చాక, 1940లలో బాప్తిస్మం తీసుకుంది. ముందు పుట్టిన బిడ్డలు దక్కనివాళ్లు తర్వాత పుట్టిన బిడ్డకు చెత్తనో పెంటనో గుర్తుచేసే పేరు పెట్టడం మన ఊళ్లల్లో అందరికీ తెలిసిన ఆచారమే, అన్ని కులాల్లోనూ ఉన్నదే. అయితే పెద్దింట్లో అలాంటి పేరును ముద్దుగా పిలిస్తే, మా పల్లె మనిషిని అదే పేరుతో పిలిచేటప్పుడు ఉన్నమాట అన్నట్టే పిలిచేవారు. ఆ పేరు ఇక్కడ రాయను, అది ఆమె వదిలేసిన పేరు. బాప్తిస్మమప్పుడు ఆమెకు బేతనియలో యేసుకు వంట చేసిపెట్టిన స్త్రీ పేరు పెట్టారు. ఆదివారం బోధకుడు మొదటిసారి ఆ పేరు చివర ‘అమ్మ’ చేర్చి హాజరు పిలిచినప్పుడు, ఎవరినో అనుకుని తాను పలకలేదట. పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచి, “నిన్నే” అందట. ముసలితనంలో కూడా ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె మోచెయ్యి కదిలేది.

పేరుపెట్టి నిన్ను పిలిచాను, నీవు నా సొత్తు అని యెషయా గ్రంథంలో దేవుడన్న మాటను ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాను. వినగానే నాకు ఆ మోచెయ్యే గుర్తొస్తుంది.

ఇక బియ్యం సంగతి. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు ఆమె చేటలోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్క గూట్లో ఉన్న మట్టిముంతలో వేసేది. మా పక్క పాత సంఘాల్లో పెరిగినవాళ్లకు పిడికెడు బియ్యం కానుక గురించి చెప్పనక్కర్లేదు. కానీ ఆమె వేసే తీరు నాకింకా కళ్లముందే ఉంది. పిడికిలి బిగించి, వేళ్ల సందుల్లోంచి జారేవాటిని చేటలోకే జారనిచ్చి, మిగిలినవి ముంతలో వదిలాక చెయ్యి దులిపేది కాదు. అరచేతికి అంటుకున్న ఒకటి రెండు గింజలను కూడా బొటనవేలితో ముంతలోకే తోసేది. జొన్నన్నం వండిన పూట జొన్నలే వేసేది. ఆదివారం ఆ ముంతను కొంగుచాటున గుడికి తీసుకెళ్లి గోనెసంచిలో ఒంపేది, ఆరాధన అయ్యాక ఆ బియ్యాన్ని వేలం వేసేవారు, వచ్చిన డబ్బు బోధకుడి జీతంలో కలిసేది. అందుకే ఆమె ఆయన గురించి గౌరవంగా మాట్లాడుతూనే, “మా అయ్యగారికి మేమే పెడుతున్నాం” అనేది. ఊరందరి దగ్గరా చెయ్యి చాచాల్సిన మనిషి నోట ‘పెడుతున్నాం’ అన్న మాట.

ఒక ఏడాది వానలు పడక, గంజితో రోజులు గడుస్తున్నప్పుడు, తాతయ్య ఆ ముంత చూపించి దాన్ని వండమన్నాడట. ఆమె, “అది మనది కాదు” అని వండలేదట. ఈ కథను నేను చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను. నాకు పిల్లలు పుట్టాక అంత సులువుగా చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ పూట ఆకలితో పడుకున్న పిల్లల్లో మా నాన్న ఒకడు. ఆ ఆదివారం బోధకుడు ఆ బియ్యం తీసుకుని, సాయంత్రం తన భార్యతో అన్నం వండించి మా ఇంటికి పంపాడని మా మేనత్త చెప్పేది. అలాంటిదేమీ జరగలేదని మా నాన్న అనేవాడు. ఇద్దరూ ఇప్పుడు లేరు. పంపి ఉండాల్సిందని నేననుకుంటాను. ఇచ్చే మనిషి ఆకలిని చూడకుండా కానుక మాత్రం తీసుకునే సంఘం ఆ కానుకకు తగదు.

ఇంత చెప్పాక కూడా నాకు ఆ ‘కాదు’ అన్న మాట వదులుకోవాలనిపించదు. బతుకంతా ఆమె పుచ్చుకునే చెయ్యే: కల్లంలో చివరికి మిగిలిన గింజలు, పండక్కి పాత చీర, దూరం నుంచి దోసిట్లో పోసే నీళ్లు. అలాంటి చేతిని మొదటిసారి ఒకరు, నీ దగ్గరున్నదాంట్లో కొంచెం ఇవ్వు, నువ్విస్తేనే ఈ పని సాగుతుంది అని అడిగారు. అడగడమంటేనే నీ దగ్గర ఇవ్వదగ్గది ఉందని ఒప్పుకోవడం. 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా దోర్నకల్‌కు వచ్చిన అజరయ్య, బాప్తిస్మం పొందినవాళ్ల చేత వాళ్ల చేతులే వాళ్ల తలలమీద పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ అని పలికించేవాడు. అక్షరం రాని కూలీల చేత! వాళ్ల నోటినుంచి అప్పటిదాకా ఊరు కోరుకున్న మాట ‘చిత్తం’ ఒక్కటే. నువ్వు చెప్పకపోతే జరగని పని ఒకటుంది అని వాళ్లతో అన్నవాడు ఆయన.

“నేను ధూళిని”

ఇక్కడ మా అమ్మాయి వేసిన ప్రశ్న దాటవేయలేను. ఒకసారి మాతో ఉపవాస ప్రార్థనకు వచ్చింది. చుట్టూ అందరూ “అయ్యా, నేను అయోగ్యురాలిని, ధూళిని, పనికిమాలినదాన్ని” అంటూ ప్రార్థిస్తుంటే విని, దారిలో అడిగింది: “నాన్నా, వారమంతా లోకం మనల్ని అనే మాటలనే ఆదివారం గుడికొచ్చి మనమే అనుకోవాలా? దీన్ని నువ్వు ఆత్మగౌరవం అంటావా?”

వెంటనే జవాబు రాలేదు. తర్వాత మా నాయనమ్మనే గుర్తుచేసుకున్నాను. ఆమె ప్రార్థన కూడా ధూళితోనే మొదలయ్యేది. కానీ ఆ ధూళి మాట ఎవరి ఎదుట అంటున్నదో ఆమెకు తెలుసు. క్లౌ కాలం నుంచీ మా సంఘాల్లో ఆదివారం పనికి పోకూడదన్నది గట్టి కట్టుబాటు, దానికోసం తొలి తరాలవాళ్లు ఊరి పెద్దల చేత దెబ్బలు తిన్నారు. కోతల కాలంలో ఒక ఆదివారం ఆసామి మనిషి పల్లెకొచ్చి కేకేస్తే, ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడి, “రేపు పొద్దున్నే వస్తామయ్యా, ఇవాళ రాం” అందని మా మేనత్త చెప్పేది. ఆ వారమంతా ఆమెను పనికి పిలవలేదు. పొద్దున మోకాళ్లమీద పడి ధూళినన్న మనిషే గుమ్మంలో నిలబడి ఆ మాటన్నది. ఆ రెండిటికీ వైరుధ్యం ఉందని ఆమెకు తట్టి ఉండదు. ఒకరి ముందు మోకరించింది కాబట్టే మరొకరి ముందు నిలబడగలిగిందని నాకు అనిపిస్తుంది.

అయితే ఇదే మాట కొందరిలో వేరేలా దిగుతుంది, అది కూడా చూశాను. ఏళ్ల కిందట నేను సంఘపెద్దగా ఉన్నప్పుడు, భర్త కొడుతున్నాడని ఒక స్త్రీ మా దగ్గరికి వచ్చింది. బుగ్గమీద కమిలిన మచ్చ కనిపిస్తూనే ఉంది. మాలో ఒక పెద్ద, “అమ్మా, ఎవరి సిలువ వాళ్లు మోయాలి, ప్రార్థన చెయ్యి” అన్నాడు. ఆమె తలూపి వెళ్లిపోయింది. నేను నోరు విప్పలేదు. సిలువంటే ఇష్టపడి మోసేదని, ఎవరో నెత్తిన పడేసేది కాదని నాకు ఆ రోజు కూడా తెలుసు. ఆమెను పేరుపెట్టి పిలిచి, ఇది నీకు తగదు, నీ వెనక మేమున్నాం అని చెప్పడమే ఆ రోజు మా విశ్వాసం చేయాల్సిన పని. మేం దాన్ని ఆమె నోరు మూయించడానికి వాడాం. మా అమ్మాయి అడిగినదాంట్లో నిజం ఉందని ఒప్పుకోవడానికి నాకు ఆ బుగ్గమీది మచ్చ చాలు.

రెండు పేర్లు

నాకు రెండు పేర్లున్నాయి. గుడిలో ఒకటి, సర్టిఫికెట్లో ఒకటి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకే వర్తించింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. దళితుడు క్రైస్తవుడైతే మన రాష్ట్రాల్లో బీసీ–సీ, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. పదో తరగతి నామినల్ రోల్స్ రాసేటప్పుడు మా హెడ్మాస్టరు నాన్నను పిలిపించి, మంచి మనసుతోనే, కులం, మతం దగ్గర ఏమి రాయమంటారని అడిగాడు. నాన్న కాసేపు ఆ రిజిస్టరు వైపు చూసి, “మీకు తెలుసుగదండీ” అన్నాడు. ఇంటికి వచ్చే దారిలో మా ఇద్దరికీ మాటల్లేవు. ఆ కాగితంతోనే నాకు చదువొచ్చింది, ఉద్యోగమొచ్చింది, ఇవాళ పెన్షనొస్తోంది. మా నాయనమ్మ వదిలేయగలిగింది పాత పేరును, నేను వదులుకోలేకపోయిందీ పాత పేరునే. దీన్ని సమర్థించుకోవడానికి నా దగ్గర వాదనలున్నాయి, ఉత్తర్వులోని అన్యాయం కళ్లకు కడుతూనే ఉంది, అయినా హాజరు పిలిచినప్పుడు పలకని మనిషిలా నేను ఒకచోట ఎప్పుడూ మిగిలిపోయానన్న బాధ మాత్రం పోలేదు.

నాతోపాటు పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన అంబేడ్కరు మార్గం నమ్మినవాడు. “మీ దేవుడిచ్చిన విలువ ఎమ్మార్వో ఆఫీసు మెట్ల దాకానే పనిచేస్తుంది, ఆ పైన రాజ్యాంగమే దిక్కు” అంటాడు. “పైగా మీ గుళ్లల్లోనే మాల గుడి, మాదిగ గుడి వేరు, శ్మశానాలు వేరు, పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ పక్కన కులం రాస్తారు” అని గుర్తుచేస్తాడు. కాదని ఎలా అంటాను? ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే రొట్టె విరుస్తూ, బయటికొచ్చాక వియ్యమందడానికి వెనకాడేవాళ్లలో నా చుట్టాలున్నారు. హక్కు విషయంలో ఆయన మాటే నా మాట. కానీ హక్కు నన్ను ఎదుటివాడు ఏం చేయకూడదో చెబుతుంది. అర్ధరాత్రి నిద్రపట్టక హాస్టలు మంచంమీద దొర్లుతున్న కుర్రాడికి తాను ఎవరికి కావాలో చెప్పే పని దానిది కాదు, దానిమీద ఆ బరువు పెట్టడం న్యాయమూ కాదు. నా మిత్రుడు దీనికి, అది చెప్పడానికి ఉద్యమం ఉంది, నలుగురు మనుషులుంటే చాలు, దేవుడెందుకు అంటాడు. బహుశా ఆయనకు చాలునేమో. మా నాయనమ్మను నలుగురు మనుషులు పిలవకముందే దేవుడు పిలిచాడని ఆమె నమ్మింది. ఆ నమ్మకం ఉండబట్టే, నలుగురూ పిలవని వారం కూడా ఆమె తలెత్తుకుని తిరిగింది.

ఒక రెండు రూపాయల బిళ్ల

జనవరి మొదటివారంలో అశోక్‌నగర్ వెళ్లాను. మూడు మంచాల గది, మంచం కింద పాత ప్రశ్నపత్రాలు, గోడకు అంటించిన టైంటేబుల్లో తెల్లవారుజాము నాలుగున్నర దగ్గర ఎర్ర సిరా గీత. ముంత కథ, కాలువ కథ వాడికి కొంత తెలిసినవే, మళ్లీ చెప్పాను. అంతా విని, “వాళ్ల దగ్గర బొబ్బలైనా ఉన్నాయి మామయ్యా” అన్నాడు. నేను తెచ్చుకున్న మాటలన్నీ అక్కడితో అయిపోయాయి. ఈ వ్యాసంలో ఇంతసేపు చెప్పింది వాడికి చెప్పలేకపోయాను, చెప్పినా ఆ పూట అది వాడికి మరో ప్రసంగమే అయ్యేది.

లేచి వచ్చేస్తూ వేరే సంగతి చెప్పాను, అది సాకు కాదు, నిజంగానే అవసరం. మా సంఘం కోశాధికారి కంటి ఆపరేషన్ చేయించుకున్నాడు, నెలరోజులు లెక్కలు చూడకూడదన్నారు, ఆదివారం కానుకలు లెక్కపెట్టడానికి నమ్మకమైన మనిషి కావాలి. “నువ్వు రావాలి” అన్నాను. వస్తే బాగుంటుందని అనలేదు. ఎప్పుడు మొదలవుతుందని మాత్రం అడిగాడు.

ఆ ఆదివారం వచ్చాడు. వెనక వరుసలో కూర్చున్నాడు, సాక్ష్యాల సమయంలో లేవలేదు. ఆ రోజు లేచినవాళ్లలో కిందటి ఏడాది భర్త పోయిన ఒకామె ఉంది. మైకు పట్టుకుని, “ఈ సంవత్సరం నేను ప్రార్థన చేయలేకపోయాను, మీరు చేశారు” అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు, అనాలని తోచలేదు. వాడు ఆమె వైపు చూడడం చూశాను.

ఆరాధన అయ్యాక పక్కగదిలో బల్లమీద కానుకసంచి ఒంపి ఇద్దరం కూర్చున్నాం. వాడు నోట్లను ఒకే వైపు తిప్పి సర్దాడు, బిళ్లలను పదేసి చొప్పున దొంతులు పెట్టాడు, కవర్లమీద పేర్లు చదివి రిజిస్టరులో రాశాడు. ముప్పావుగంట పట్టింది. కూడిక అయిపోయింది, రసీదు రాద్దామని నేను కలం తీశాను. వాడు బల్లమీదున్న దొంతులకూ రిజిస్టరుకూ మధ్య రెండుసార్లు చూసి, “ఉండు మామయ్యా, రెండు రూపాయలు తేడా వస్తోంది” అన్నాడు. పోనీలేరా, నేను వేస్తాను అన్నాను. “నువ్వు వేస్తే లెక్క ఎలా అవుతుంది?” అని దొంతులన్నీ మళ్లీ పడేసి మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని పక్కన కూర్చున్నాను.